జానెడు లోతు

"...అడిగానా నిన్ను? మోకాలి లోతు దున్నించమని నేనెప్పుడైనా అడిగానా?"

"అడగలేదు. వద్దని చెప్పావా మరి?"

ఆమె చేతిలో అప్పుడే పీకిన టమాటా మొక్క ఉంది. వేరు పొడుగునా పూసలు గుచ్చినట్టు నులిపురుగు బుడిపెలు. అలాంటి మొక్కలు గట్టు మీద అప్పటికే పది పన్నెండు పడి ఉన్నాయి. పక్కనే పీట మీద కూర్చున్న భర్త, మాటకీ మాటకీ మధ్య ఊపిరి కూడదీసుకుంటున్నాడు.

అతన్ని అందరూ గ్యాసు మేస్త్రి అంటారు. నేలలో నులిపురుగు చేరి కూరగాయ మొక్కలు వడలిపోతున్నాయంటే అతనికే కబురు. మన్నులోకి గొట్టం దించి, మందు వదిలి, పైన పట్టా కప్పి వచ్చేవాడు. ఇరవై రెండేళ్లు అదే పని. మూతికి తువ్వాలు తప్ప మరో అడ్డం కట్టుకుని ఎరగడు. ఇప్పుడు వీధి చివరిదాకా నడవాలంటే రెండుచోట్ల కూర్చోవాలి. ఆ మందు గాలి కూడా సోకకూడదన్నాడు డాక్టరు. వాళ్ల మడేమో వంటింటి కిటికీకి పది అడుగుల్లో ఉంది. అది తప్ప ఇంటికి మరో ఆధారం లేదు.

అందుకే ఆమె గ్యాసు జోలికి పోలేదు. ఎండలు ముదిరాక మడి తడిపి, పల్చని ప్లాస్టిక్ పట్టా పరిచి, అంచులు మట్టితో పూడ్చి, పురుగు చచ్చేలా ఆరు వారాలు ఎండ వేడికి నేలను ఉడకబెట్టింది. ఎక్కడైనా గాలి దూరిందేమోనని రోజూ చుట్టూ తిరిగేది.

"నేలకి జ్వరం చూస్తున్నావా?" అని ఏడిపించేవాడు అతను.

పట్టా తీసిన వారంలోనే కూతురి కాన్పుకు వెళ్లాల్సి వచ్చింది. పైపైన గీకి నాటాలేగాని లోతుగా కదపకూడదని అతనికి చెప్పాలని ఆమెకు తోచలేదు. నేల సంగతి ఆయనకి నేను చెప్పేదేముంది అనుకుంది. అతనికి తెలిసింది గ్యాసు నేల. గుల్లగా దున్నకపోతే మందు దిగదని వందమంది రైతులకి చెప్పినవాడు. ఆమె వచ్చేసరికి పని పూర్తి చేసి పెడదామని ట్రాక్టరు పిలిచి లోతుగా దున్నించి, టమాటా నారు నాటించాడు. ఎండ వేడి దిగింది జానెడే. దాని కింద చల్లగా బతికున్న పురుగంతా పైకొచ్చింది.

"తమ్ముడికి కబురుపెడతా" అన్నాడు అతను. "వాడే వచ్చి గ్యాసు పెడతాడు. నేనో నాలుగు నెలలు అక్క దగ్గరుంటా."

"మీ అక్క వాళ్ల మేడ మెట్లు ఎక్కగలవా?"

"ఒకసారి ఎక్కితే మళ్లీ దిగనులే."

"మందులు వేళకి ఎవరిస్తారు?"

"నువ్వు ఫోన్లో తిట్టు. భయపడి వేసుకుంటా."

నవ్వబోయాడు. నవ్వు దగ్గులోకి తిరిగింది. అది తగ్గేదాకా ఆమె అతని వీపు మీద చెయ్యి వేసి నిలబడింది. ఆ తర్వాత మడిలోకి దిగి, ఈసారి పచ్చగా ఉన్న మొక్కల్ని కూడా వరసగా పీకడం మొదలుపెట్టింది.

"అవి బాగానే ఉన్నాయి కదే" అన్నాడు.

"వాటి వేళ్లకీ పురుగు పట్టే ఉంటుంది, మొత్తం పీకేస్తున్నా. ఎండలొచ్చేదాకా బంతిపూల మొక్కలు వేస్తా, అది ఉన్నచోట ఈ పురుగు పెరగదంటున్నారు. ఎండల్లో మళ్లీ పట్టా కప్పుతా. అప్పటిదాకా రోడ్డు పక్క నర్సరీలో కూలికి పోతా. నువ్వెక్కడికీ పోవట్లేదు."