నీళ్లు దిగని దుప్పటి

డెబ్బైల్లో ఒక ఎండాకాలం. మాదన్నపేటలో రేకుల ఇంట్లో ఉండేవాళ్లం. మా బాబుకు రెండు నెలలు. వాడి పక్కకు దుప్పటి కొనబోతే దుకాణం సేటు ఒకదానిమీద చెంచాడు నీళ్లు పోశాడు. "చూడమ్మా, పోగులు ఎంత దగ్గరగ పడ్డయో. చుక్క కిందికి దిగదు" అన్నాడు. మురిసిపోయి కొన్నాను.

మూడో రోజు మధ్యాహ్నం బాబు ఏడ్చి ఏడ్చి సోలిపోయాడు. ఒళ్లు కాలిపోతోంది. వీపునిండా ఎర్రటి పొక్కులు. మా అత్త చూసి చెంపలేసుకుంది.

"తల్లి పోసింది బిడ్డా. దవాఖానకు తీస్కపోవద్దు" అంటూ, అమ్మవారేనని నమ్మి గుమ్మానికి వేపమండలు కట్టింది.

అత్తకు తెలియకుండా పక్కింటి నర్సు మేరమ్మక్కను పిలుచుకొచ్చాను. ఆమె బాబును వెల్లకిలా తిప్పింది. పొట్టమీద ఒక్క పొక్కు లేదు.

దుప్పటి కొస నా నోటికి ఆనించి, అవతల అరచెయ్యి పెట్టి, "ఊదు" అంది. ఊదాను.

"నా చేతికి తగల్తలేదు. నీ ఊపిరే దాటకపాయె, పిల్లగానికి గాలి ఏడికెళ్లి వస్తది? ఇవి చెమటకాయలు."

గుమ్మంలో నిలబడి వింటున్న అత్త తన పాత నూలుచీర తెచ్చి పరిచింది. తడిగుడ్డతో ఒళ్లు తుడిచాం. సాయంత్రానికి బాబు పాలు తాగాడు.

ఇప్పటికీ ఏ దుప్పటైనా ఊది చూసే కొంటాను. దుకాణాలవాళ్లు నవ్వుకుంటారు.

ఆనాడు ఇంట్లో, బాబు మెత్తగా పడుకోవాలని కొన్నానని చెప్పాను. నిజానికి పుట్టింటివాళ్లిచ్చిన కొత్త పరుపు తడవకూడదని కొన్నాను. ఆ మాట ఒప్పుకోవడం ఇదే మొదటిసారి.