జానెడు జారిన బరువు

నిన్న మధ్యాహ్నం మా టెస్టింగ్ గదిలో ఒక ట్రాన్సిస్టర్ కాలిపోయింది. టప్పుమని చిన్న చప్పుడు, వెంటనే ముక్కుకు ఘాటుగా తగిలే కమురు వాసన. పక్క బల్ల వాళ్ళు నవ్వుకుంటూ కిటికీ తెరిచారు. నాకు మాత్రం రూతక్క గుర్తుకొచ్చి, చాలాసేపు పని సాగలేదు.

మాది నిమ్‌పురా. మా తాత శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే పనికి వచ్చి బెంగాల్‌లోని ఈ ఖరగ్‌పూర్‌లోనే ఉండిపోయాడు. నేను ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చేసి, ఊరి బయట ఇండస్ట్రియల్ పార్కులో ఒక చిన్న కర్మాగారంలో చేరాను. బరువులెత్తే హాయిస్టులకు కంట్రోల్ బోర్డులు తయారుచేస్తాం. అప్పట్లో టెస్టింగ్ అంతా రూతక్క చేతిమీద నడిచేది. ఆమె ఇల్లు ఊళ్ళోనే, పూరీ గేట్‌లో. ఆదివారం చర్చిలో అందరికన్నా పైకి వినిపించే ఆమె గొంతు, పనిలో మాత్రం ఎప్పుడూ లేచేది కాదు.

హాయిస్టు బ్రేకులో ఒక కాయిల్ ఉంటుంది. కరెంటు ఉన్నంతసేపు బ్రేకు విడిచి ఉంటుంది, కరెంటు ఆగితే స్ప్రింగు బిగిసి బరువును పట్టేస్తుంది. ఆ కరెంటును వేసి, ఆపేది ట్రాన్సిస్టర్. నేను చేరిన కొత్తలో ఆ ట్రాన్సిస్టర్లు వరసగా మాడిపోతుండేవి. ఆసిలోస్కోపు పెట్టి చూస్తే, కరెంటు ఆపిన ప్రతిసారీ తెరమీద గీత తాడిచెట్టులా లేచేది. ఓల్టేజి అలా ఒక్కసారిగా ఎగిసిపడడాన్నే స్పైకు అంటాం. కంగారుగా రూతక్కను పిలిచాను.

ఆమె తెర వైపు చూడలేదు. బోర్డుకు ఆనించి కొలిచే, నా చేతిలోని ప్రోబు చూసింది.

"ఆ ఎర్తు తీగ అంత పొడుగెందుకమ్మీ? కురసగా పెట్టి సూడు."

పెట్టాను. గీత సగానికి పడిపోయింది.

"సగం మన కొలతలో దొంగ. మిగిలిన సగమే జబ్బు," అంది.

"ఆ జబ్బేటి అక్కా?"

"యార్డులో ఇంజను ఆగినాదని ఎనకాల వేగన్లు టక్కున ఆగిపోతాయేటి? తోసుకుంటూ వస్తాయి. కాయిల్లో కరెంటూ అంతే. పోడానికి దారి ఇవ్వాల. ఆ దారికని ఈ రెసిస్టర్ పెట్టినోడు మరీ ఇరుకు దారి ఇచ్చినాడు."

రెసిస్టర్ తీయించి, దాని బదులు కాయిల్‌కు అడ్డంగా, కరెంటు సులువుగా తిరిగే డయోడ్ పెట్టించింది. స్పైకు అణిగిపోయింది. ట్రాన్సిస్టర్లు మాడడం ఆగింది. మేమంతా దాదా అని పిలిచే యజమాని అందరికీ మిఠాయి పంచాడు. బోర్డులన్నీ అలాగే బయటికి వెళ్ళాయి.

కొన్ని నెలలకు కబురొచ్చింది. ఒక గోడౌనులో ఒక ఫిట్టర్ హాయిస్టు బటన్ వదిలి, బరువు ఆగిందనుకుని కిందున్న దిమ్మను సర్దబోయాడు. బరువు ఇంకాస్త దిగింది. అతని వేళ్ళు నలిగిపోయాయి.

"మనిషే తొందరపడ్డాడు. అలాగే రాసి పంపుదాం, దీదీ," అన్నాడు దాదా.

రూతక్క లేచి టెస్టింగ్ గదిలోకి వెళ్ళింది. టెస్టు హాయిస్టుకు బరువు వేలాడదీసి, పక్క స్తంభం మీద సుద్దగీత గీసి, బటన్ వదిలింది. పాత రెసిస్టర్‌తో బరువు గీత దగ్గరే ఆగింది. తను పెట్టిన డయోడ్‌తో జానెడు జారి ఆగింది. మళ్ళీ చేసింది. మళ్ళీ జానెడే.

"సుకంగా తిరగడానికి దారి ఇచ్చీసినాను," అంది నెమ్మదిగా. "ఆ దారిలో ఎంతసేపు తిరుగుతాదో సూడలేదు. కరెంటు సావకపోతే బ్రేకెలాగ పడతాది?"

డయోడ్‌కు తోడుగా, కరెంటును త్వరగా అణిచే జీనర్ డయోడ్ చేర్చింది. స్పైకు కొంత లేచేది కానీ ట్రాన్సిస్టర్ తట్టుకునే ఎత్తు దాటేది కాదు. కరెంటు చప్పున చచ్చేది, బ్రేకు వెంటనే పట్టేది. అది తేలాక దాదా గదిలోకి వెళ్ళి, తప్పు తనదేననీ, పంపిన బోర్డులన్నీ వెనక్కి తెప్పించమనీ చెప్పింది. ఆయన తెప్పించాడు. ఆమెను మాత్రం ఉంచుకోలేదు. ఆ బల్ల నాకిచ్చారు. ఆమె కుర్చీలో కూర్చోవడానికి చాలాకాలం మనసొప్పక, నిలబడే పనిచేసేదాన్ని.

తర్వాతొకసారి పూరీ గేట్ వెళ్ళాను. వసారాలో పిల్లలకు లెక్కలు చెబుతోంది. వాళ్ళను పంపించేశాక చెప్పింది.

"ఆ ఫిట్టర్ ఇంటికెల్లినాను. నా వల్లే అయినాదని సెప్పినాను. కోప్పడలేదు. టీ తాగి ఎల్లమన్నాడు. ఆ సేత్తోనే కప్పు అందించినాడు. తాగలేకపోనాను."

"మళ్ళీ పనిలోకి రా అక్కా. ఇంకోచోట అడుగుతాను."

"నా సెయ్యి మీద నాకే నమ్మకం పోనాదమ్మీ."

తప్పును వెతికి పట్టుకున్నదీ ఆ చెయ్యేనని అనాలనుకున్నాను. కానీ మరోసారి వచ్చినప్పుడు నిదానంగా చెబుదామనుకుని లేచాను. ఆ మరోసారి రాలేదు. వానాకాలంలో జ్వరం వచ్చి, ఆసుపత్రిలోనే పోయింది. పనిముట్టు మళ్ళీ పట్టుకోకుండానే పోయింది. ఆ మాటతో ఆమె మనసు మారేదని గట్టిగా అనలేను. కానీ వినకుండా వెళ్ళిపోయిందే అన్న బాధ మాత్రం తగ్గలేదు.

ఇప్పుడు తెరమీద గీత ఎంత సాఫీగా ఉన్నా నేను బోర్డును వెంటనే బయటికి పంపనివ్వను. బరువు వేలాడదీయిస్తాను. "అంతా ఠీక్ హై కదా, దీదీ, ఇంకా ఎందుకు?" అని పక్కవాళ్ళు విసుక్కుంటారు. ఆ ఫిట్టర్‌ను నేనెప్పుడూ చూడలేదు. అయినా బటన్ వదిలే ప్రతిసారీ, ఆ బరువు కింద అతని చెయ్యి ఉందనే అనుకుంటాను.