మామయ్య స్లైడ్లు, పిన్ని ముక్కుపుడక

చెన్నై పురసవాక్కంలో ఇల్లు ఖాళీ చేస్తూ అత్తయ్య ఒక బిస్కెట్ల డబ్బా నా చేతిలో పెట్టింది. పోయిన మా మామయ్య కుర్రతనంలో తీసిన కలర్ స్లైడ్లు అందులో ఉన్నాయి. ఒక్కొక్కటీ అట్ట చట్రంలో బిగించిన చిన్న ఫిలిం ముక్క. వాటిని గోడ మీద చూపించే ప్రొజెక్టరు ఎప్పుడో పాడైపోయింది.

మామయ్య మా అమ్మకు తమ్ముడు. అమ్మ, పిన్ని కవలలు. ఇద్దర్నీ పోల్చుకోలేక అమ్మమ్మ అమ్మకు కుడి ముక్కు, పిన్నికి ఎడమ ముక్కు కుట్టించిందట. నేను పుట్టకముందే పిన్ని జ్వరంతో పోయింది. ఇంట్లో ఆమె ఫోటో ఒక్కటీ సరైనది లేదు.

"దాంట్లో మీ పిన్నేమన్నా ఉండాదేమో చూడమ్మే," అంది అమ్మ.

మొదట ఫోన్ వెలుగులో స్లైడ్ పెట్టి ఇంకో ఫోన్‌తో తీశాను. తెర మీది చుక్కలన్నీ బొమ్మలోకి వచ్చాయి. ఆఫీసులో స్నేహితురాలు ఇచ్చిన చిన్న యంత్రం క్షణంలో పని కానిచ్చేది గానీ, అందులో ఆకాశం తెల్లకాగితంలా, ముఖాలు ఎర్రగా కాలినట్టు కనిపించేవి. చివరికి మైలాపూరులో స్టూడియో మూసేస్తున్న ఒకాయన దగ్గర ఫిలిం కోసమే తయారైన పాత స్కానర్ కొన్నాను. చాలా నెమ్మది. అయినా మొదటి స్లైడ్‌లోనే చీర అంచు నేత కూడా కనిపించింది. చెమ్మకు పట్టిన బూజు మచ్చల్ని చాలావరకు అదే తుడిచేసింది.

తిరువొత్తియూరు సముద్రం దగ్గర తీసినవి ముందు స్కాన్ చేసి, అమ్మను కంప్యూటర్ ముందు కూర్చోబెట్టాను.

"ఇది నేనే. ఇదీ నేనే. నోరెంత తెరిచినానో చూడు, పిశాచి మాదిరి." ఒక్కొక్కటీ తోసేస్తూ పోయింది. ఆఖరిదాని దగ్గర ఆగింది. "అదో! ఎడమ పక్క పుడక. అదే!"

తెర మీద వేలు ఆనించి చాలాసేపు ఏడ్చింది. తర్వాత, "మా తమ్ముడు ఇన్ని నావే తీసినాడే. పాపం, దానిది ఒకటేనా?" అంది.

మర్నాడు మిగతా స్లైడ్లు స్కాన్ చేస్తుంటే ఒకదాంట్లో బస్సు వచ్చింది. దాని బోర్డు మీది తమిళ అక్షరాలు అద్దంలో చూసినట్టు తిరగబడి ఉన్నాయి. స్లైడ్‌కు ఒక వైపు మెరుపు, ఒక వైపు మసక ఉంటాయి. నేను మొదటినుంచీ అన్నిటినీ తప్పు వైపు తిప్పి పెట్టాను. అంటే, అమ్మ చూసి ఏడ్చింది తన ఫోటోనే.

చెప్పాలా, వద్దా? ఆ ఒక్క ఫోటోనూ ఆమె దగ్గర్నుంచి లాక్కున్నట్టవుతుందని భయమేసింది. మిగతావాటి సంగతి అప్పటికి నా బుర్రకు తట్టనే లేదు. అయినా దాచలేక వెళ్లి చెప్పాను.

"సుమ్మా ఎగతాళికి చెప్తా ఉండావా?"

"లేదమ్మా, నిజంగానే. ఫోటో తిరగబడి కుడిది ఎడమ అయింది. అది నువ్వే."

అమ్మ ఏడవలేదు. "అట్లయితే, నేను నావనుకున్నవన్నీ?"

నేను కుర్చీ లాగి, ఫోటోల్ని ఒక్కొక్కటే సరిగ్గా తిప్పాను. ఆ ఆఖరిది తప్ప, తిప్పిన ప్రతిదాంట్లోనూ ముక్కుపుడక ఎడమ పక్కకు వచ్చింది. అన్నీ పిన్నివే. నిన్న తోసేసిన ఫోటోల మీదికి అమ్మ ఈసారి కళ్లద్దాలు పెట్టుకుని వంగింది.

నోరంతా తెరిచి ఉన్నదాని దగ్గర ఆగి, "ఎంత బాగా నవ్వతా ఉండాదో చూడమ్మే," అంది. "ఆ పొద్దు అల వచ్చి నా చెప్పు ఎత్తుకపోయింది. నేను ఆడ నీళ్లల్లో వెతుకులాడతా ఉంటే, ఇది ఒడ్డున నిలబడి ఒకటే నవ్వు. మా తమ్ముడేమో కెమెరా పట్టుకొని..."

పిన్ని గురించి అమ్మ అంతసేపు మాట్లాడగా నేను వినడం అదే మొదలు.