తాళం పడితే ఆగే పని

ఆసుపత్రి వెనక వరండాలో, ఎక్స్‌రే గది దాటాక మూడు కిటికీల వర్క్‌షాపు ఒకటుంది. విరిగిన దవడలకీ పుర్రెలకీ ఆపరేషన్‌కి ముందు నమూనాలు తయారుచేసేది అక్కడే. ఇరవై రెండేళ్ళుగా ఆ పని చేస్తున్నావిడని అందరూ బొంగరం అనేవారు. వెనకాల కాదు, ఎదురుగానే. ఆవిడ పలికేది కూడా.

ఆ పేరు ఊరికే రాలేదు. ఆవిడ కుర్చీలో కుదురుగా కూర్చుంటే చూసినవాళ్ళు లేరు. ప్లాస్టర్ నడుస్తూ కలిపేది. అది ఆరేలోగా మూడు గదులు చుట్టి వచ్చేది. "నీ కొలతలు తీయాలంటే టేపు పట్టుకుని వెంట పరిగెత్తాలే" అనేవాడు భర్త, ఆయన దర్జీ. నిలబడి పనిచేసినన్నాళ్ళూ ఆ స్వభావం ఆవిడకి అడ్డం రాలేదు. వేళ్ళకి తెల్లపొడి, కాళ్ళకి నడక ఉంటే చాలు, పొద్దు ఎలా వాలేదో తెలిసేది కాదు.

తర్వాత కంప్యూటరొచ్చింది. స్కానింగులో తీసిన వందల బొమ్మలు అందులో వేస్తే, లోపలున్న గ్రాఫిక్స్ కార్డు వాటిని లెక్కగట్టి, ఎముకని ఉన్నదున్నట్టు తెరమీద నిలబెడుతుంది. పక్కనున్న ప్రింటరు దాన్ని ప్లాస్టిక్కులో పోస్తుంది. పని బాగానే పట్టుబడింది. కానీ ఆ లెక్క తెమలడానికి ఐదు గంటలు. ఆ ఐదు గంటలూ ఆవిడ చేయాల్సిందల్లా కూర్చోవడమే.

రోగుల బొమ్మలుండే కంప్యూటరు కనక, పది నిమిషాలు ఎవరూ ముట్టుకోకపోతే దానంతటదే లాకైపోవాలని ఆసుపత్రి నియమం. లాకైన కాసేపటికి కార్డు పనీ ఆగిపోయేది. పాస్‌వర్డ్ కొట్టి చూస్తే లెక్క మళ్ళీ మొదటికి. అందుకని ఆవిడ ఎనిమిది నిమిషాలకోసారి మౌసు కదిపేది. ఎడంచేత్తో అన్నం తినడం నేర్చుకుంది. బాత్రూముకి పరుగున వెళ్ళి పరుగున వచ్చేది. మోకాళ్ళు బల్లకింద ఆడుతూనే ఉండేవి.

ఆ నియమం పెట్టినాయన కంప్యూటర్ల విభాగం పెద్ద. మెల్లగా మాట్లాడే మనిషి. అందరికీ తాళాలాయన.

"నా ఒక్క గదికి ఆ లాకు తీసేయండి అన్నయ్యగారూ" అని అడిగింది ఒకసారి.

"తీయనమ్మా. మీ తెరమీద ఉండేవి మనుషుల మొహాలు."

"మరి నేను మనిషిని కాదా? నాలుగడుగులు నడవక్కర్లేదా?"

"అందుకే కాగితం రాసిమ్మంటున్నాను. పని ఎప్పుడు ఆగుతోందో, ఆగినప్పుడు ఏం కనబడుతోందో రాయండి. చూద్దాం."

కాగితం రాయాలంటే మళ్ళీ కూర్చోవాలి. ఆవిడ రాయలేదు.

ఒక మంగళవారం పొద్దున్నే ఒక తాపీమేస్త్రీని తీసుకొచ్చారు. పరంజా మీంచి పడ్డాడు. కింది దవడ మూడు ముక్కలు. "రేపు తొమ్మిదింటికి ఆపరేషన్. ఇవాళ రాత్రిలోపు దవడ నమూనా నా చేతికి రావాలి. ఎముకకి బిగించే లోహపు పట్టీలు దానిమీదే వంచుకోవాలి" అంది డాక్టరమ్మ.

ఎనిమిదిన్నరకి పని మొదలుపెట్టింది. తొమ్మిదిన్నరకి ప్లాస్టర్ గదిలోంచి పిలుపు వస్తే వెళ్ళింది. రెండు నిమిషాల పని ఇరవై నిమిషాలైంది. తిరిగొచ్చేసరికి తెర నల్లగా ఉంది. గంటసేపటి లెక్క గంగలో కలిసింది.

పదింటికి మళ్ళీ మొదలుపెట్టింది. ఇప్పుడు ఆగకుండా నడిస్తే మూడింటికి తెములుతుంది. ప్రింటరుకి ఇంకో నాలుగు గంటలు. ఇంకోసారి ఆగితే రేపటికి అందదు. కూర్చుంది. పదిన్నరకే కాలు కాలిన పిల్లిలా అయిపోయింది. అప్పుడు, రికార్డుల గదిలో గుమాస్తా చేస్తుండగా చూసిన చిట్కా ఒకటి గుర్తొచ్చింది. చేతి గడియారం విప్పి మౌసు కింద పెట్టింది. సెకన్ల ముల్లు తిరుగుతుంటే, ఎవరో మౌసు కదుపుతున్నట్టే తెరమీద బాణం వణుకుతూ ఉంది. పది నిమిషాలు దాటాయి. లాకు పడలేదు.

ఆవిడ లేచి బయటికి నడిచింది. వరండా ఈ కొసనుంచి ఆ కొసకి, మెట్లు దిగి గేటుదాకా, అక్కణ్ణించి టీ బంకు దాకా. అరగంట.

ఆ అరగంటలో మేస్త్రీ తమ్ముడు స్కాను రిపోర్టు కవరు ఇవ్వడానికి వర్క్‌షాపుకి వచ్చాడు. గదిలో ఎవరూ లేరు. తెరమీద, అప్పటిదాకా తేలిన బొమ్మ ఉంది. పళ్ళు ఒకపక్కకి ఒరిగిపోయిన పుర్రె, కింద తన అన్న పేరు. ఫోనుతో ఫొటో తీసి వదినకి పంపాడు. చెడ్డ ఉద్దేశమేం లేదు. ఏమైందో ఎవరూ చెప్పట్లేదని వదిన అప్పటికి పదిసార్లు అడిగింది.

బొంగరం తిరిగొచ్చేసరికి గుమ్మంలో ఒకామె నిలబడి ఉంది. చేతిలో ఫోను.

"మా మరిది ఫొటో తీసి పంపాడు. ఇది మీ గదిలోదేనా అమ్మా?"

చూసింది. తన తెరే.

"మా ఆయన్ని ఇంకా చూడనివ్వలేదు" అంది ఆమె. కోపంగా కాదు, పాఠం అప్పజెప్పినట్టు. "మొహం ఎలా ఉందో తెలీదు. పుర్రె మటుకు చూశాను. ఇక ఎప్పుడు చూసినా నాకు ఇదే కనబడుతుందేమో."

బొంగరం గడియారం తీసి జేబులో వేసుకుంది. "తప్పు నాది. తెర తెరిచిపెట్టి వెళ్ళాను. మీ మరిదిని ఏమనకండి."

ఆమె కదల్లేదు. వార్డులోకి రానివ్వరు, ఇంటికి పోనూ లేదు. బొంగరం రెండో కుర్చీ లాగింది.

"కూర్చోండి. మీరు చూసింది సగం బొమ్మ. మిగతాది తేలేదాకా ఇక్కడే ఉండండి. ఏది ఏమిటో చెప్తాను."

మూడింటిదాకా ఇద్దరూ లేవలేదు. ఒళ్ళంతా చీమలు పాకుతున్నట్టున్నా బొంగరం ఎనిమిది నిమిషాలకోసారి మౌసు కదుపుతూనే ఉంది. ఈ గీత విరిగిన చోటు, ఇక్కడ పట్టీ పడుతుంది, ఈ పన్ను పోదు అని చెప్తూ వచ్చింది. మధ్యలో ఎక్కడో ఆమె, "ఆయన నిద్దర్లో కూడా మాట్లాడతాడు" అంది. "ఆరు వారాలు నోరు కట్టేస్తారట కదా. ఎలా ఉంటాడో ఏమో."

"మీకు కాస్త విశ్రాంతి" అంది బొంగరం. ఆమె నవ్వబోయి ఏడ్చింది.

రాత్రి ఏడింటికి దవడ డాక్టరమ్మ చేతికి అందింది.

బుధవారం పొద్దున బొంగరం కాగితం రాసింది. ఎప్పుడు ఆగుతోందో, ఎలా ఆగుతోందో, చివర గడియారం సంగతీ, ఫొటో సంగతీ. తాళాలాయన చదివి తలెత్తాడు.

"ఈ చివరి వాక్యాలు కూడా ఉంచాలా అమ్మా?"

"ఉంచండి."

మందలింపు కాగితం వచ్చింది. దాంతోపాటు తాళాలాయనా వచ్చాడు. రెండు రోజులు పక్కన కూర్చుని చూశాడు. "మీ ప్రోగ్రాం తెరని పట్టుకుని వేలాడుతోంది. తాళం పడగానే తెర ఆరుతుంది, మిషన్ కునుకు తీస్తుంది, కార్డూ దాంతోపాటే పడుకుంటుంది" అన్నాడు. లెక్కకి తెరతో పనే లేదట. కంప్యూటరు వెలగ్గానే తెర వెనక దానంతటదే నడిచే పనిగా దాన్ని మార్చాడు. మిషన్ కునుకు తీయకుండా ఆపాడు. లాకు మాత్రం పదినుంచి మూడు నిమిషాలకి తగ్గించాడు.

"ఇప్పుడు లాక్ చేయండి."

చేసింది. తెర నల్లబడింది. కంప్యూటరు పెట్టె వెనక అరచేయి పెట్టి చూసింది. వేడిగాలి కొడుతోంది. ఐదు నిమిషాలకి మళ్ళీ పెట్టింది. కొడుతూనే ఉంది.

"నడుస్తోంది, వెళ్ళండి" అన్నాడాయన.

వెళ్ళింది. వరండా సగంలోంచి తిరిగొచ్చి మళ్ళీ చేయి పెట్టింది. ఆ రోజు నాలుగుసార్లు వచ్చింది. ఇన్నేళ్ళూ కూర్చోలేకపోవడం వల్లే అనుకున్న ఆరాటం ఇప్పుడు నడిచినా పోలేదు. మర్నాడూ అంతే. ఏదో చేతిలో లేకపోతే లాభం లేదనుకుని, ముందురోజు తయారైన నమూనా ఒకటి తీసుకుని డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళింది.

"ఈ రోగి ఇంటివాళ్ళకి ఇది చూపించి నేను చెప్పి రానా? మీకెలాగూ తీరదు."

డాక్టరమ్మ ఒక్కక్షణం ఆలోచించింది. "రోగిని అడిగి వెళ్ళు. ఎవరికి చెప్పమంటే వాళ్ళకే చెప్పు. బెదరగొట్టకు."

ఇప్పుడు లెక్క నడిచే వేళల్లో ఆవిడ వార్డుల బయట కనబడుతుంది. ఎవరో ఒకరి పక్కన నిలబడి, ప్లాస్టిక్ దవడ వాళ్ళ చేతుల్లో పెట్టి, "ఇదిగో, ముందు పట్టుకుని చూడండి. తేలికే" అంటూ ఉంటుంది.