అన్నీ బాగున్న మనిషి దగ్గు

గడియారాలాయనకు లోకంలో ఒకే ఒక్క నమ్మకం: ఏ పనికైనా స్పెషలిస్టే ఉండాలి. ఇంట్లో కుళాయి కారుతోందని భార్య ప్లంబరును పిలిస్తే, "మీరు వంటింటి కుళాయిల్లో స్పెషలిస్టా, స్నానాలగది కుళాయిల్లోనా?" అని గుమ్మంలోనే ఆపేశాడు. ఆ ప్లంబరు మళ్లీ ఆ వీధి మొహం చూడలేదు. కుళాయి ఇప్పటికీ కారుతూనే ఉంది.

ఇలాంటి మనిషికి పొడిదగ్గు పట్టుకుంది. నెలలు గడిచినా వదల్లేదు. దగ్గినప్పుడల్లా గడియారాలు బాగుచేసే కొట్లో బల్లమీది చిన్న చిన్న మరలు ఎగిరిపోయేవి, ఆయన పని మానేసి నేలమీద పాకుతూ వెతుక్కునేవాడు. రాత్రిళ్లు నిద్ర లేదు. భార్యకు పైకి కోపం, లోపల భయం.

"వీధి చివరి డాక్టరు గారికి ఒక్కసారి చూపించుకోండీ!"

"ఆయన అన్నీ చూస్తాడే. అన్నీ చూసేవాడికి ఏదీ కనపడదు."

ముందు ముక్కు డాక్టరు దగ్గరికి వెళ్లాడు. ముక్కు దివ్యంగా ఉందన్నాడాయన. ఊపిరితిత్తుల డాక్టరు ఎక్స్‌రే తీయించి తెగ మెచ్చుకున్నాడు. పొట్ట డాక్టరు గొట్టం దింపి చూసి, పొట్టకు వంక పెట్టలేమన్నాడు. విడివిడిగా అన్నీ బాగున్న మనిషి, మొత్తానికి దగ్గుతూ ఇంటికొచ్చాడు.

"ఇంక మిగిలిందెవరు, చెవి డాక్టరా?" అంది భార్య పళ్లు నూరుతూ.

"ఏ చెవికి? ఎడమదానికా, కుడిదానికా?" అన్నాడాయన.

ఆవిడ తల బాదుకుని, ఆయన వేసుకునే మాత్రలన్నీ సంచిలో పడేసుకుని, తనే వీధి చివరికి నడిచింది. డాక్టరు గారు ఒక్కొక్కటే చూసి ఒకదాని దగ్గర ఆగారు.

"ఈ బీపీ మాత్ర ఎప్పట్నుంచమ్మా?"

"గుండె డాక్టరు రాశారండి. దగ్గుకి కాస్త ముందు."

"కొందరికి ఇది పొడిదగ్గు తెప్పిస్తుంది. మార్చి చూడొచ్చు. కానీ మనిషిని చూడకుండా మార్చను, మీ అంతట మీరూ మాన్పించకండి. ఆయన్ని తీసుకురండి."

"రారండీ! స్పెషలిస్టు కానివాళ్ల గడప తొక్కరు."

డాక్టరు గారు నవ్వారు. "ఈ పిచ్చి ఈమధ్యదేనమ్మా. నా చేతి గడియారం ఏళ్ల తరబడి ఆయనే బాగుచేశారు. కాలు పోయినాయనొకరు మీవారి కొట్టుకి ఎదురుగా గడియారాల కొట్టు పెట్టినప్పట్నుంచీ, 'నాకు గోడ గడియారాలే వచ్చు, చేతివాటికి ఆయనే స్పెషలిస్టు' అని అటు పంపేస్తున్నారు."

ఆవిడ సరాసరి కొట్టుకు వెళ్లి నిలదీసింది. "చేతి గడియారాలు మీకు రావా?"

ఆయన కంగారుగా ఎదురు కొట్టు వైపు చూశాడు. "మెల్లగా! అన్నీ నేనే చేస్తే ఆయన దగ్గరికి ఎవరొస్తారు? ఇప్పుడు నేనెళ్లి అన్నీ చూసే డాక్టరు ముందు కూర్చుంటే జనం ఊరుకుంటారా? 'మరి నువ్వూ అన్నీ చూడవయ్యా' అని చేతి గడియారాలన్నీ మళ్లీ నా బల్లమీదే పోస్తారు."

"మరి మన కుళాయి ఏం పాపం చేసింది?"

"ఒకచోట పట్టు విడిస్తే ఇంకోచోట నమ్మరే."

ఆయన్ని కొట్టాలో ముద్దు పెట్టుకోవాలో ఆవిడకు తెలియలేదు. రెక్క పుచ్చుకుని వీధి చివరికి లాక్కెళ్లింది. ఆయన్ని గుమ్మంలో నిలబెట్టి, ముందు తను లోపలికి వెళ్లి డాక్టరు గారికి సంగతంతా చెప్పింది.

డాక్టరు గారు బయట బల్లమీద కూర్చున్న రోగులందరికీ వినపడేలా గొంతెత్తారు. "రండి రండి! ఈ గదిలో నేను దగ్గు స్పెషలిస్టుని. మిగతా రోగాలకి పక్క గది."

గడియారాలాయన పరమ తృప్తిగా లోపలికొచ్చి కూర్చుని, "పక్క గదిలో ఎవరుంటారండీ?" అన్నాడు.

"నేనేనండీ," అన్నారు డాక్టరు గారు.