టూత్‌పేస్టు మీద నా మూఢభక్తి

కొత్త బండి చక్రాల కింద నిమ్మకాయలు పెట్టేవాళ్లను చూసి నవ్వుతారు కదా, మరి మీ సొంత నమ్మకాల్లో ఎన్నింటిని పరీక్షించి చూశారు? నేను ముప్పై ఏళ్లుగా సభల్లో అడుగుతున్న ప్రశ్న ఇది. నన్ను నేను మాత్రం ఎన్నడూ అడగలేదు. అడిగి ఉంటే మా ఆవిడ కారు తలుపు బాగుండేది.

కారు ఆమెది. జనగామలో టీచరుగా పనిచేస్తూ తన జీతంతో కొనుక్కున్నది. ముదురు నీలం రంగు. మహబూబాబాద్‌లో ఉండే మా అత్తమ్మ, కాళేశ్వరం తీసుకుపోయి పూజ చేయిస్తే తప్ప బండి వాడొద్దంది. ఇనుముకు, మంత్రానికి సంబంధమేమిటని నేను మూడు సాయంత్రాలు వాదించాను. నాలుగో రోజు మా ఆవిడే తల్లికి ఫోన్ చేసి పూచీ పడింది. "పూజ గీజ ఏం లేదమ్మా. బండికేం గాదు, నా జిమ్మ."

ఆ మాట అన్న రెండో వారమే నేను ఆ కారు తీసుకుని భూపాలపల్లి వెళ్లాను. అక్కడి సభలో నా అంశం, 'రుజువు లేనిదే నమ్మవద్దు'. చప్పట్లు బాగానే పడ్డాయి. తిరిగి వస్తూ ఒక మిత్రుణ్ని టేకుమట్లలో దింపాను. ఊరు దాటాక ఇరుకు దారిలో లారీకి తప్పుకోబోతే సర్కారు తుమ్మ కొమ్మ ఎడమ తలుపును రాసుకుంది. దిగి చూస్తే మూడు సన్నని తెల్ల గీతలు.

ఆదివారం మా ఆవిడ తనే నడుపుకుంటూ వెళ్లి కారును తల్లికి చూపించాలి. గీతలు పడ్డది తలుపు మీదే అయినా, పోయేది ఆమె మాట.

చెల్పూర్ దగ్గర టీ కొట్టులో ఒకాయన నా మొహం చూసి జాలిపడ్డాడు. "గింతదానికి పరేషాన్ ఎందుకన్నా? పండ్లు తోమే పేస్టు పెట్టి రుద్దు, పోతది."

రుజువేదీ? అడగలేదు. ఆయనెప్పుడైనా చేసి చూశాడా? అదీ అడగలేదు. పేస్టు కొన్నాను. మిట్టమధ్యాహ్నం ఎండలో, తలుపంతా పరుచుకున్న రోడ్డు దుమ్మును కడగనైనా కడగకుండా, భుజం మీది కండువాతో అరగంట గుండ్రంగా రుద్దాను. గీతలు మాయమయ్యాయి! విజ్ఞానం గెలిచిందనుకున్నాను. గీతల సందుల్లో పేస్టు ఇరుక్కుందంతే.

మర్నాడు పొద్దున్నే మా ఆవిడ బకెట్టు నీళ్లు కొట్టి తుడిచింది. తలుపు మీద సాలెగూడు అల్లినట్టు వేల గీతలు.

"ఏందయ్యా గిది?"

"తుమ్మ కొమ్మ తాకింది."

"కొమ్మ గుండ్రంగ తిరిగిందా? దానికి పుదీన వాసన గూడ ఉన్నదా?"

అన్నీ చెప్పేశాను. ఆమె కారు తాళం అందుకుంది.

ఇద్దరం జనగామలోనే కార్లకు పాలిష్ చేసే ఆయన దగ్గరికి వెళ్లాం. ఆయన ముందు నీళ్లతో కడిగాడు, నీడలోకి తెప్పించాడు, గీత మీద గోరుతో అడ్డంగా గీశాడు.

"గోరుకు తగుల్తలేదు సార్. రంగు దాక పోలే, మీదున్న గాజు లెక్క పొరనే గీసుకున్నది. కొమ్మ గీతలు రెండు నిమిషాల పని. గీ గుండ్రాలకే పొద్దువోతది. ఎవలు చేసిండ్రు గిట్ల?"

"ఊరూరా తిరిగి తెలివి చెప్పే సారు," అంది మా ఆవిడ.

మెత్తని గుడ్డ మీద బఠానీ గింజంత పాలిష్ తీసుకుని, తలుపు కింది మూల బెత్తెడు జాగాలో రుద్దాడు. తుడిచాడు, వెలుతురుకు ఏటవాలుగా వంగి చూశాడు. "ముందు గింత చూస్త. మంచిగొస్తనే మిగతది." నేను మైకు పట్టుకుని చెప్పేది, ఆయన మైకు లేకుండానే చేస్తున్నాడు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

సాయంత్రానికి తలుపు మెరిసింది. హ్యాండిల్ కింద అరచేయంత మచ్చ మాత్రం మిగిలింది. నేను బలమంతా చూపించిన చోటు అది. "ఇంక రుద్దితే పొర పోతది సార్, ఉండనియ్యుండ్రి," అన్నాడు.

ఆదివారం మహబూబాబాద్‌లో అత్తమ్మ కారు చుట్టూ ఒకసారి తిరిగి, సరిగ్గా ఆ మచ్చ మీదే చేయి పెట్టింది.

"చెప్తినా బిడ్డా? పూజ చెయ్యకుంటే గిట్లనే ఐతది. నీ జిమ్మ ఏడ పాయె?"

తుమ్మ కొమ్మ అని నేనంటే సరిపోయేది. నా పరువు దక్కేది, మా ఆవిడ మాట పోయేది. ఎందుకంటే కొమ్మను దిష్టి పంపిందంటారు. టూత్‌పేస్టును ఏ దిష్టీ పంపదు.

"అత్తమ్మా, దిష్టి కాదు. నేనే చేసిన. దుమ్ము కడగకుండ పేస్టు పెట్టి కండువతోని రుద్దిన."

"పండ్లు తోమే పేస్టా?"

"అదే."

ఆమె నన్ను పై నుంచి కింది దాకా చూసింది. "బిడ్డా, పూజ బండికి కాదే, అల్లునికి చేయించాలె!"

వీధంతా వినేలా నవ్వారు తల్లీకూతుళ్లు. ఆ తర్వాత అత్తమ్మ ముందు సీట్లో కూర్చుని, "నడుపు, ఎట్ల నడుపుతవో చూస్త," అంది. కారు సందు మలుపు తిరిగేదాకా నేను గుమ్మంలోనే నిలబడ్డాను.

మీ ఇంట్లోనూ మీ చేతులారా పాడుచేసిన వస్తువొకటి ఉంటుంది. ఆ నేరాన్ని దిష్టి మీదకో, ఎండ మీదకో, పనిమనిషి మీదకో నెట్టేసి హాయిగా కూర్చున్నారు. లేవండి. ఎవరి మాట మీ వల్ల చులకనైందో వాళ్ల దగ్గరికి ఈ రోజే వెళ్లి, నలుగురూ వినేలా "నేనే చేశాను" అని చెప్పండి.