చావుకొచ్చిన అన్న

మా బస్తీలో నాయకుడు మంచివాడా కాదా అని తేల్చడానికి ఒకటే కొలత. చావుకు వచ్చాడా, రాలేదా. పెళ్లికి రాకపోయినా పట్టించుకోరు, నీళ్లు రాకపోయినా సర్దుకుంటారు. శవం లేచేలోపు దండ పట్టుకొని వచ్చి, ఇంటాయన భుజం మీద చెయ్యేసి కాసేపు నిలబడితే చాలు, అయిదేళ్ల పాపం కొట్టుకుపోయినట్టే. మా ఎమ్మెల్యేకు ఈ సంగతి బాగా తెలుసు. హఫీజ్‌పేట్ చుట్టుపక్కల ఆయన అడుగుపెట్టని చావిల్లు లేదని మా వాళ్లు గొప్పగా చెప్పుకునేవాళ్లు. నాకు మాత్రం ఒళ్లు మండేది.

మండదా మరి? బస్తీకీ మెయిన్ రోడ్డుకీ మధ్య ఒక నాలా ఉంది. ఎండాకాలం అందులో మేకలు మేస్తాయి, గట్టి వాన పడితే మనిషి లోతు పారుతుంది. కిందటి ఎన్నికల ముందు ఆయనే వచ్చి, కల్వర్టు కడతానని కొబ్బరికాయ కొట్టి శిలాఫలకం పాతిపోయాడు. కల్వర్టు రాలేదు. ఆ రాయి మీద మేం బట్టలు ఉతుక్కునేవాళ్లం. నున్నగా ఉండేది, అంతవరకు పనికొచ్చింది.

బస్తీ వెనక వైపు అప్పుడే అద్దాల ఆఫీసు లేచింది. ఒకప్పుడు మేం నాలా తగలకుండా రోడ్డెక్కే బాట అటే ఉండేది. గోడ కట్టినప్పుడు బాట కూడా గోడ లోపలికి పోయింది. దాని మీద తారు పోశారు, మా వైపు ఇనుప గేటు పెట్టి తాళం వేశారు.

ఆ ఏడు మా యారాలు నిండు నెలల మనిషి. నా మరిది భార్య, నా కంటే చాలా చిన్నది. తల్లి లేదు, తండ్రి ఎటుపోయాడో తెలియదు. మొదటి కాన్పుకు ఆడపిల్ల పుట్టింటికి పోవాలంటారు గానీ, దానికి పుట్టిల్లంటూ ఉంటే కదా! అంతకుముందు రాఖీ పున్నానికి బస్తీ ఆడవాళ్లందరితో పాటు పోయి ఎమ్మెల్యేకు రాఖీ కట్టింది. ఆయన దాని తల మీద చెయ్యి పెట్టి, "పుట్టిల్లు లేదని ఫికర్ జెయ్యకు చెల్లె, నేనున్న" అన్నాడట. రోజుకొకసారైనా ఆ మాట చెప్పుకొని మురిసిపోయేది.

వానలు మొదలయ్యేలోపు ఏదో ఒక తోవ చూడకపోతే దీన్ని దవాఖానకు ఎట్లా చేర్చాలన్నదే నా పరేషానీ. పదో తరగతి దాకా చదివినదాన్ని కాబట్టి బస్తీలో అర్జీలు రాసే పని నాదే. కల్వర్టు కట్టండి, అది అయ్యేదాకా వానాకాలంలో వెనక గేటైనా తీయించండి అని రాశాను. పొద్దున్నే మా యారాలిని వెంటబెట్టుకొని ఎమ్మెల్యే ఇంటికి పోయాను. వాకిట్లో జనం కిక్కిరిసి ఉన్నారు. ఒకరికి దవాఖానలో మంచం కావాలి, ఇంకొకరికి రేషన్ కార్డు కావాలి. ఆయన అందరినీ పేరుపేరునా పలకరిస్తున్నాడు. మా కాగితం చూసి, "కల్వర్టు శాంక్షనయ్యింది, టెండర్ల ఉన్నది" అన్నాడు.

"మరి గేటు, సార్?"

"గేటు నా చేతుల లేదు చెల్లె. ప్రైవేటోళ్లది. నేను చెప్తె ఇంటరా?"

"మా ఓట్లతోని గెలిచి, మాకు గేటు తీయించలేరా?" అన్నాను. పక్కనున్నవాడు నవ్వాడు. ఎమ్మెల్యే కూడా నవ్వి, నా వెనకున్న మనిషి చేతిలోని కాగితం అందుకున్నాడు. తిరిగి వచ్చేటప్పుడు మా యారాలు, "అన్న జేస్తడక్కా. రాఖీ కట్టిన గద" అంది. పిచ్చిదానా అని తిట్టాను. దాని మొహం చిన్నబోయింది.

నొప్పులు మొదలైంది ఆదివారం మధ్యాహ్నం. రెండు రోజులుగా ముసురు, నాలా ఒడ్డు కోసుకుంటూ పారుతోంది. బిడ్డ అడ్డం తిరిగింది, నాతోని కాదు, జల్ది దవాఖానకు తీసుకపోండ్రి అంది మంత్రసాని. మేం మంచం మీద మోసుకొని వెనక గేటు దగ్గరికి పోయాం. లోపల తారు రోడ్డు కడిగినట్టు నల్లగా, ఖాళీగా ఉంది. అది దాటితే ఆటోలు దొరుకుతాయి. వాచ్‌మన్ గొడుగు కింద నుంచి, "సాబ్ లేడమ్మా, ఆర్డర్ లేదు. తీస్తె నా నౌకరి పోతది" అన్నాడు. నా మరిది ఆయన కాళ్లు పట్టుకోవడానికి గేటు కిందనుంచి చేతులు చాపాడు. నేను తిట్టని తిట్టు లేదు. మంచం మీద అది మాత్రం, "అన్నకు చెప్పుండ్రి, అన్నకు ఫోన్ జెయ్యుండ్రి" అంటోంది. ఎక్కడిదమ్మా ఫోన్! అప్పటికి మా బస్తీలో ఒక్కరికీ లేదు.

చివరికి బస్తీ పక్కనున్న రైలు పట్టాల వెంబడి, కంకర మీద జారుకుంటూ, స్టేషన్ దాకా మోసుకుపోయి ఆటో ఎక్కించాం. దవాఖానలో, "ఇంత లేటు జేసి తెచ్చి మా మీద పెడతరా" అని నర్సు కసిరింది. తల్లి బతికింది. మగపిల్లవాడు, ఒళ్లంతా నల్లబడి పుట్టాడు. ఏడుపు వినలేదు.

మా యారాలిని ఇంటికి తెచ్చిన మర్నాడు ఎమ్మెల్యే వచ్చాడు. పెద్ద చావులకే కాదు, పసిగుడ్డు చావుకు కూడా వచ్చాడని బస్తీ అంతా కదిలిపోయింది. ఎవరో కుర్చీ తెచ్చారు, ఇంకెవరో టీ పెట్టారు. ఆయన మంచం పక్కన కూర్చొని, కళ్లు తుడుచుకొని, ఒక చీర దాని ఒళ్లో పెట్టాడు. దొంగ ఏడుపని నేను అనను. ఆయనకు నిజంగానే బాధ కలిగి ఉండవచ్చు. అదే నాకు ఇంకా కోపం.

మా యారాలు ఆయన బూట్ల వైపు చూస్తోంది. ఒక్క బురద చుక్క లేదు.

"అన్నా, నాలా నిండ పారుతున్నది. నువ్వు ఏ తొవ్వకెళ్లొచ్చినవ్?"

"ఎనకకెళ్లి చెల్లె. గేటు తీసిండ్రు."

"ఎవలు తియ్యమన్నరు?"

"ఎవలు చెప్పలె. మా డ్రైవర్ హారన్ కొట్టిండు, తీసిండ్రు" అన్నాడు. అనేశాక గానీ ఆయనకు తాను ఏమన్నాడో తెలియలేదు. టీ గ్లాసు కింద పెట్టాడు.

"మేం గాడనే మొత్తుకున్నం అన్నా" అంది అది, గొంతు పెంచకుండానే.

బస్తీ పెద్దమనిషి గాభరాపడిపోయాడు. "ఇంటికొచ్చిన మనిషిని గిట్లడుగుతరా బిడ్డా, అదీ సావింట్ల?" అన్నాడు. ఇక నేను ఆగలేకపోయాను. "ఇంకేడ అడగాలె తాతా? ఆయనింటికి పోతె టెండరంటడు, మనింటికొస్తె మీరు మర్యాదంటరు!" అని అరిచాను. నా పెనిమిటి రెక్క పట్టుకొని నన్ను లోపలికి గుంజాడు. బయట పెద్దమనిషి, పిల్ల దుఃఖంలో ఉంది, మనసులో పెట్టుకోకండని ఎమ్మెల్యేను బతిమాలుతున్నాడు. కాసేపటికి కారు కదిలింది. హారన్ మోగింది. గేటు తెరుచుకోవడమూ మూసుకోవడమూ మా ఇంట్లోకి వినబడ్డాయి.

ఆ రాఖీ పున్నానికి కూడా బస్తీ ఆడవాళ్లు ఆయన ఇంటికి పోయారు. మేమిద్దరం పోలేదు. చీర అట్లాగే సంచిలో ఉండిపోయింది.

ఎన్నికలప్పుడు పెద్దమనిషి ఓటరు చీటీలు పంచుతూ మా గడప దగ్గర ఆగాడు. నాతో మాట్లాడటం మానేశాడు కాబట్టి, బియ్యం ఏరుతున్న మా యారాలితోనే అన్నాడు.

"మరువొద్దు బిడ్డా. ఏమన్న గానీ, నీ కొడుకు సావుకొచ్చిన మనిషి."

అది చేట కింద పెట్టింది.

"సావుకైతె వచ్చిండు తాతా. పుట్టుకకు తొవ్వియ్యలె."

ఆయన చీటీలు గడప మీద పెట్టి పక్కింటికి పోయాడు. ఆ ఎన్నికల్లో ఎమ్మెల్యే మళ్లీ గెలిచాడు. మా బూత్‌లో కూడా ఆయనకే ఎక్కువ పడ్డాయి.